పేరు తిరిగొచ్చే గుండు

సత్తెనపల్లి అవతల మిరప చేల మధ్య ఒక్కటే గుట్ట. దాని మీద ఒకదానికొకటి ఆనుకున్న రెండు బండరాళ్లు. ఆ సందులోకి ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే, కాసేపాగి ఆ పేరు తిరిగొస్తుంది. ఊళ్లో దాన్ని పలుకుగుండు అంటారు.

పెళ్లి ఫొటోలు తీసే గఫూర్ రాకముందు అక్కడ బతికున్నవాళ్ల పేరు ఎవరూ పిలవలేదు. మనిషి పోయిన మూడో రోజు ఇంటివాళ్లు గుట్టెక్కేవాళ్లు. ఏడ్చి ఏడ్చి వాళ్లకు గొంతు పెగలదు. అందుకని పిలిచే పని రాఘవమ్మది. ఆమె ఈ గట్టున కేకేస్తే నాలుగు చేల అవతల కూలీలు తలెత్తేవాళ్లు. పేరు తిరిగొస్తే పోయినవాళ్లు ఇంకా పొలిమేర దాటలేదని లెక్క. వారం ఆగి మళ్లీ పిలవాలి. గుండు పలక్కుండా ఊరుకున్ననాడు మనిషి వెళ్లిపోయినట్టు. రాఘవమ్మ మొగుడు పిచ్చయ్య పేరు రెండో పిలుపుకే ఆగిపోయింది.

"ఉన్నప్పుడూ అంతే. ఒకచోట నిలిచాడా ఏనాడన్నా!" అనుకుంటూ ఆమె గుట్ట దిగింది.

కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో గఫూర్ ఒక కొత్త జంటను తీసుకొచ్చాడు. గుట్ట మీంచి చూస్తే కింద నేలంతా ఎర్రగా ఉంది. పెళ్లికూతురు సరదాకి మొగుడి పేరు పిలిచింది. గుండు పలికింది. ఆ వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది. పేరు తిరిగొస్తే కాపురం గట్టిదని ఎవరో దాని కింద రాశారు. అరకు వెళ్లాల్సిన జంటలు ఇటు మళ్లాయి. పత్తి చేలో హనీమూన్ కాటేజీలు లేచాయి. అసలు సంగతి ఊళ్లో ఎవరూ విప్పలేదు. మిర్చి ధర పడిపోయిన ఏడాది అది. రాఘవమ్మ కూడా గుట్ట కింద బజ్జీల బండి పెట్టుకుని ఊరుకుంది. కొడుకు చైతన్యకృష్ణను మాత్రం గుట్ట ఎక్కనిచ్చేది కాదు.

మాఘంలో అతనికి పెళ్లయింది. కోడలు మాధురి చీరాల పిల్ల.

"లోకమంతా మనూరికి హనీమూన్‌కొస్తంటే నేను శనగపిండి కలుపుకుంటా కూర్చోవాలా అత్తయ్యా?"

"వాడరేవు పోండి. సముద్రం చూసిరండి."

"పుట్టినకాడ్నుంచీ సముద్రమే చూశానండి!"

ఒకరోజు పొద్దువాలే వేళ బజ్జీలు తీసి తలెత్తేసరికి కొడుకూ కోడలూ కనపడలేదు. రాఘవమ్మ పొయ్యి ఆర్పి అడ్డదారిన గుట్టెక్కింది. బండల వెనక్కి చేరేసరికి అటువైపు మాధురి పిలవనే పిలిచింది.

"చైతన్యా!"

గుండు పలకలేదు. మామూలుగా పట్టే సమయం దాటింది. గాలి కూడా ఆగింది.

"నా మీద అలిగిందే నీ గుండు," అని చైతన్యకృష్ణ నవ్వాడు. మాధురి నవ్వలేదు. ఆమె చెయ్యి మంగళసూత్రం మీదికి పోయింది.

ఆ నిశ్శబ్దానికి అర్థం రాఘవమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె బండల సందుకు నోరు ఆనించి, గుండు పలికినట్టే సాగదీసి పలికింది. "చైతన్యా..."

"వచ్చింది! విన్నావా?" మాధురి గంతేసింది. "ఉండు, మళ్లీ పిలుస్తా. వీడియో తియ్యి."

ఆమె మళ్లీ పిలిచింది. రాఘవమ్మ నోరు తెరిచింది. ఆమె అనేలోపే రాతి లోపల్నుంచి పేరు వచ్చింది.

"అచ్చం అత్తయ్య పిలిచినట్టే లేదూ?" అంది మాధురి.

రాఘవమ్మ వెనక దారిన దిగి పొయ్యి వెలిగించింది. "ఉల్లిపాయలు వేస్తారా పిన్నిగారూ?" అని ఎవరో అడిగారు. జవాబు చెప్పబోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

పైన ఇంకో జంట ఏదో పేరు పిలిచింది. ఆ పేరు రాఘవమ్మ గొంతుతో తిరిగొచ్చింది.

గుట్ట దిగొచ్చిన చైతన్యకృష్ణ ఎదురుగా వేడి బజ్జీ కొరికి, కారానికి దగ్గుతున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు అందించి, అతను తాగేదాకా చూస్తూ నిలబడింది.