గమే గుత్తుల కోసం ప్లేసర్‌విల్ దాకా

ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి ఉత్తరాన బోజొలె అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ గమే అనే నల్లద్రాక్షతో తేలికైన ఎర్ర వైన్ చేస్తారు. చెర్రీ పండు వాసన వేస్తుంది, నాలుక మీద బరువుండదు, కాస్త చల్లబరిచి తాగాలి. మూడేళ్లుగా దాని గురించి చదువుతూనే ఉన్నాను గానీ వెళ్లింది లేదు. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాడు దేశం దాటితే తిరిగి రావడానికి మళ్లీ వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి. ఆ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. నలభై ఆరేళ్ల వయసులో ఒక సీసా కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకోలేను. అందుకని గమే అమెరికాలో ఎక్కడ పండుతుందా అని వెతికాను. మా శాంటా క్లారా నుంచి ఒక్క పూట ప్రయాణంలో, సియెర్రా పర్వతాల దిగువన, ప్లేసర్‌విల్ అనే ఊరి చుట్టుపక్కల కొద్దిగా ఉందని తేలింది. మా కావ్య ఉన్నదీ అక్కడే.

కావ్య ఫ్రీమాంట్‌లో పుట్టిన పిల్ల. పదేళ్లప్పుడు ఆదివారం తెలుగు బడిలో నా దగ్గర గుణింతాలు నేర్చుకుని, ఒత్తుల దగ్గర ఆపేసింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. వైన్ చదువు చదివి, ఒక తోటాయన దగ్గర మూడు వరుసల గమే తీగలు కౌలుకు తీసుకుంది. నిరుడు చేసిన వైన్ వెనిగర్ అయిపోయింది. ఈ ఏడాదీ అంతే అయితే వరుసలు వెనక్కి తీసుకుంటానని తోటాయన చెప్పేశాడు. కోతకి మనుషులు కావాలని ఆమె మెసేజ్ పెడితే వస్తానన్నాను.

మా అత్తగారు రాజ్యలక్ష్మిగారు తణుకు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆ వారాంతం మా ఆవిడకి ఆఫీసు డ్యూటీ పడింది.

"మీరెళ్లేది సారా తోటకా బాబూ?" అని అడిగారు అత్తగారు.

"ద్రాక్షతోటకండి."

"అయితే నేనూ వస్తాను. ఇక్కడ గోడలు చూస్తూ కూర్చుని ఏం చెయ్యను."

సెప్టెంబరు రెండో శుక్రవారం, ఉదయం తొమ్మిది దాటాక గ్రేట్ అమెరికా స్టేషన్‌లో రైలెక్కాం. శాక్రమెంటోకి మూడు గంటలు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవడం మంచిది, రిచ్‌మండ్ దాటాక చాలాసేపు నీళ్లు కనిపిస్తాయి. మార్టినెజ్ దగ్గర అత్తగారు పులిహోర డబ్బా తీశారు. ఎదుటి సీట్లో టోపీ పెట్టుకున్న పెద్దాయన, రిటైరైన పోస్ట్‌మ్యాన్, ఎక్కడికని అడిగాడు. బోజొలె రకం ద్రాక్ష కోతకని చెప్పాను.

"బోజొలెనా? నా భార్య థాంక్స్‌గివింగ్ విందుకి అదే కొనేది. టర్కీ కోడి పక్కన ఇంకేదీ కుదరదనేది" అన్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి? పూర్వం ఒక ప్రభువు గమేని నాసిరకమని పై ప్రాంతమైన బర్గండీ నుంచి వెళ్లగొడితే అది దక్షిణాన గ్రానైట్ కొండల్లో కుదురుకుందని మొదలుపెట్టాను. మామూలు వైన్‌కి ద్రాక్షని తొడిమల నుంచి ఒలిచి నలుపుతారు. బోజొలెలో అలా కాదు, గుత్తిని గుత్తిగానే తొట్టెలో వేసి మూత పెడతారు, గాలి తగలని చోట ప్రతి కాయా తన తోలు లోపలే పులుస్తుంది, ఆ వాసనంతా అక్కడిదే అని వివరించాను. డేవిస్ స్టేషన్ వచ్చింది.

"నువ్వెప్పుడైనా చేశావా?" అన్నాడు.

"లేదు, చదివాను."

"ఓహో" అని టోపీ ముఖం మీదికి లాక్కుని పడుకున్నాడు.

శాక్రమెంటో స్టేషన్ బయటే కొండల వైపు వెళ్లే బస్సు ఉంటుంది. గంటంబావులో ప్లేసర్‌విల్‌లో దిగాం. బంగారం తవ్వేవాళ్ల కాలంలో పుట్టిన ఊరు, ఒకటే పెద్ద వీధి, ఇప్పుడు ఐస్‌క్రీము కొట్లూ పాతసామాన్ల కొట్లూ ఎక్కువ. హైవే పక్క మోటెల్‌లో రెండు గదులు తీసుకున్నాం. శుభ్రంగానే ఉన్నాయి గానీ లారీల చప్పుడు బాగా వినిపిస్తుంది. సాయంత్రం బీన్స్ బరీటో తిన్నాం, రొట్టెలో చుట్టి ఇచ్చే మెక్సికన్ తిండి. ఇందులో ఉప్పు తప్ప అన్నీ ఉన్నాయన్నారు అత్తగారు.

శనివారం ఉదయం అయిదున్నరకే కావ్య పికప్ ట్రక్‌తో వచ్చింది. తోట మూడువేల అడుగుల ఎత్తున ఉంది. సెప్టెంబరైనా స్వెటర్ కావాలి. మట్టి పొడిపొడిగా, బియ్యపు నూకలాంటి గ్రానైట్ రవ్వతో ఉంటుంది. గుత్తిని ఎడమచేత్తో పట్టుకుని, కొక్కెంలా వంగిన చిన్న కత్తితో తొడిమ కోయాలి. కావ్య స్నేహితులు ఇద్దరు, మేము ముగ్గురం, తొమ్మిదింటికల్లా మూడు వరుసలూ కోశాం. ఇరవై రెండు ట్రేలు నిండాయి. అత్తగారు మా అందరికంటే వేగంగా కోశారు. ఒక కాయ చిదిమి చూపించింది కావ్య. నల్లటి తోలు లోపల రసం తెల్లగా ఉంది.

స్నేహితులు వెళ్లిపోయారు. ట్రేలని షెడ్డులో పెట్టాం. తొట్టెలో గాలిని తరిమే గ్యాస్ సిలిండర్ కోసం కావ్య ఊళ్లోకి బయలుదేరింది.

"అంకుల్, వన్ అవర్‌లో వస్తాను. మీరు చూస్తూ ఉండండి, ఓకే? ఎవరూ టచ్ చెయ్యొద్దు. హోల్ బంచెస్ అలాగే ఉండాలి."

అత్తగారు అప్పుడు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. ఆమె ఈ మాట వినలేదు. నేను విన్నాను, సరేనన్నాను, నీడలో కుర్చీ వేసుకుని నోట్‌బుక్ తీశాను.

ఆ రోజు రాసుకున్నది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "పది గంటలు. అత్తగారు ట్రే ముందేసుకుని కూర్చున్నారు. గుత్తుల నుంచి కాయలు ఒలిచి, తొడిమలు పక్కన కుప్ప పోస్తున్నారు. ఒక్కో కాయా తువ్వాలుతో తుడుస్తున్నారు, ఆవకాయకి ముక్క తుడిచినట్టు. కాయల మీది తెల్లటి పొడిని పురుగుమందు అనుకుంటున్నట్టుంది. చూడముచ్చటగా ఉంది."

కావ్య వచ్చేసరికి ఆరు ట్రేలు అయిపోయాయి.

సిలిండర్ దింపకుండానే నిలబడిపోయింది ఆ పిల్ల. కోపం తెచ్చుకోలేదు. నెమ్మదిగా, ఎదురుగా ఉన్నది పెద్దావిడ కాబట్టి తెలుగు వెతుక్కుంటూ చెప్పింది. "అమ్మమ్మా, ఆ వైట్ పౌడర్ మందు కాదు. వైన్ పులిసేది దాంతోనే. గుత్తి బ్రేక్ అయితే గాలి తగిలి వెనిగర్ అయిపోతుంది. లాస్ట్ ఇయర్ అదే అయింది."

అత్తగారి చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"ఎవరూ చూడలేదా?" అంది కావ్య నా వైపు తిరిగి.

"ఆయన అటు తిరిగి రాసుకుంటున్నారమ్మా. ఆయనకి తెలీదు. నేనే చేశాను" అన్నారు అత్తగారు.

నేను నోట్‌బుక్ మూశాను. సిగ్గేసింది, అయినా ఆ మాట సరిదిద్దలేదు. పైగా ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి ఒక సలహా చెప్పాను: బోజొలెలో అడుగు కాయలు పైబరువుకి నలిగి రసమవుతాయి, ఆ రసం పొంగి వచ్చే గ్యాసే పై గుత్తులని కాపాడుతుంది, ఒలిచినవాటిని అడుగున వేసి తొక్కితే సరిపోతుంది కదా అని.

"ఐ నో అంకుల్. కానీ పౌడర్ తుడిచేశారు. స్టార్ట్ అవుతుందో లేదో."

"ప్యాకెట్ ఈస్ట్ వెయ్యకూడదా?"

"ఏమీ కలపనని ఓనర్‌కి ప్రామిస్ చేశాను."

వేరే దారి లేదు. అత్తగారు కాళ్లు కడుక్కుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి తొట్టెలోకి దిగి ఆ కాయలని తొక్కారు. పైన పదహారు ట్రేల గుత్తులూ మేం చేతులతోనే పేర్చాం, ఒక్కటి కూడా విసరలేదు. కావ్య గ్యాస్ వదిలి మూత బిగించింది. మూత మీద నీళ్లున్న చిన్న గొట్టం ఉంది. లోపల పులవడం మొదలైతే అందులో బుడగలు వస్తాయి. సిలిండర్ గ్యాస్ రెండు రోజులు కాస్తుందని, ఆలోగా రసం పొంగకపోతే ఈ ఏడాది పోయినట్టేనని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం దాకా, రాత్రి మోటెల్‌లో పడుకున్న కాసేపు తప్ప, అత్తగారు ఆ తొట్టె పక్కనుంచి లేవలేదు. ఆపిల్ తోటలు చూపిస్తానంటే వద్దన్నారు. బుడగ రాలేదు. మాకు రైలు టైమవుతుంటే కావ్య శాక్రమెంటో దాకా డ్రైవ్ చేసి దింపింది.

రైలు డేవిస్ దాటాక అత్తగారు గోళ్ల చుట్టూ దిగిన నలుపుని చూసుకుంటూ, మామూలుగానే అన్నారు. "మీరు నా వైపు చూశారు కదా బాబూ, చూసి రాసుకున్నారు. మీరేమీ అనకపోయేసరికి సరిగ్గానే చేస్తున్నాననుకున్నాను."

నేను మొహం అటు తిప్పుకున్నాను. కిటికీ బయట పొలాలు చాలాసేపు నడిచాయి.

మార్టినెజ్ దగ్గర ఫోన్ మోగింది. కావ్య ఏమీ చెప్పకుండా తన ఫోన్‌ని గొట్టం దగ్గర పెట్టింది. ముందు ఏమీ వినపడలేదు, తర్వాత ఒక బుడగ, ఆగి ఇంకొకటి. అత్తగారు ఫోన్ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుని విన్నారు. "ఊరుతోంది" అని ఫోన్ నాకిచ్చారు.

"మీ ఐడియానే అంకుల్. థాంక్యూ సో మచ్" అంది కావ్య.

అప్పుడు చెప్పాను. "కావ్యా, నేను అటు తిరగలేదు. అంతా చూస్తూనే ఉన్నాను. నువ్వు చెప్పిందీ గుర్తుంది. రాసుకుంటూ కూర్చున్నాను."



"ఓకే అంకుల్" అంది. "నెక్స్ట్ ఇయర్ రండి. నోట్‌బుక్ తేకండి."

ఏడింటికి గ్రేట్ అమెరికాలో దిగాం. ఎవరైనా వెళ్లదలిస్తే సెప్టెంబరే మంచి నెల, స్వెటర్ మరవకండి, మోటెల్‌లో వెనకవైపు గది అడగండి. గమే గురించి నేను మూడేళ్లు చదివినదంతా నిజమే, అక్కడ ఒక్కటీ తప్పు తేలలేదు. ఈ కథనం కోసం ఆ శనివారం పేజీ మళ్లీ తీసి చూశాను. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి. ఒక్క కొట్టివేత కూడా లేదు.