పీసా గోపురం, పటేల్ కొట్టం గోడ

ఇటలీ పోయిన మా దోస్తు పొద్దున ఫొటో పెట్టాడు. వెనక ఒరిగిన పీసా గోపురం, దాన్ని చేతులతో ఆపుతున్నట్టు వీడు. నా ముక్కుకు మాత్రం జమ్మికుంట పక్కన మా ఊరి తడిమట్టి వాసన తగిలింది.

మట్టిగోడ ఒక వరుస ఆరాకే ఇంకో వరుస పెట్టాలని మీకు గుర్తుందా? వానలొస్తాయని మా బాపు ఆగలేదు. పటేల్ బర్ల కొట్టం గోడ మూడు వరుసలు ఒక్కరోజే లేపాడు. సాయంత్రానికి అది ఒరిగింది. పడిందంటే ఇక ఊళ్లో ఎవరూ బాపును గోడ పెట్టమని పిలవరు. ఆయన ఊతకర్రలకు ఉరికాడు. నేనూ తమ్ముడూ చేతులతో ఆపబోయాం, ఆగక గోడకు భుజాలు ఆనించి నిలబడ్డాం.

అప్పుడే పటేల్ వచ్చాడు.

"ఏందిరా, గోడ గిట్ల ఒరిగింది?"

"పీసాల గోపురం సుత కడుతుంటెనే ఒరిగిందట పటేలా. దునియా అంత సూడ వస్తుండ్రట. మా సారు చెప్పిండు," అన్నాను నేను.

"అయితే మీ బాపును గాడికే పొమ్మను. నా బర్లు గోడ సూడ రాలే, పండ వచ్చినయి."

ఊతకర్రల మీదే ఆరిన ఆ గోడ, మా పెళ్లిళ్ల దాకా ఒరిగే నిలబడింది.

దోస్తు ఫొటో కింద రాశాను: "చేతులు పెడితే ఆగదురా. భుజం ఆనియ్యాలె."