పెన్నుకు మూత పెట్టే అక్క

మా నర్సింగ్ హోమ్ కౌంటర్ కుర్చీలో నాకంటే ముందు పనిచేసిన అక్కకు ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా, రాస్తున్న పెన్నుకు మూత పెట్టి, పక్కన పెట్టి, ఆ మనిషి ముఖం చూసేది. ఆ తర్వాతే జవాబు. కన్నడంలో అడిగితే కన్నడంలో, ఉర్దూలో అడిగితే ఉర్దూలో.

ఒకసారి బెంగళూరు నుంచి ఒక ట్రైనింగ్ సార్ వచ్చాడు. రోగులతో బాగా మాట్లాడటం నేర్పాలంటే ముందు మా స్వభావాలు కొలవాలట! ప్రశ్నల కాగితాలు పంచాడు. ‘జవాబు చెప్పే ముందు ఆగుతారా?’ అన్నచోట అక్క ‘ఎప్పుడూ’ అని టిక్కు పెట్టింది. నేను గిచ్చాను.

“అక్కా, గిట్ల రాస్తే ఎట్ల? లేదని పెట్టు.”

“ఆగుతనే గదనే! అబద్ధమెందుకు?”

నేను మాత్రం వాళ్లకు నచ్చే జవాబులే పెట్టాను. నాకు ‘చొరవ గల మనిషి’ అని వచ్చింది, ఆమెకు ‘సంకోచం ఎక్కువ’ అని. అక్కను రికార్డుల గదికి పంపి, ఆ కుర్చీ నాకిచ్చారు. చాయ్ పలచగా ఉందని కూడా కొట్లాడే నేను ఆ రోజు నోరు మూసుకున్నాను. కుర్చీ కావాలి మరి.

“నోరున్నదానివి, నడిపిస్తవ్ లే,” అని అక్క తన పెన్ను తీసుకుని వెళ్లిపోయింది.

మరుసటి వారం యరమరస్ ఊరి నుంచి ఒక ముసలాయన భార్య రిపోర్టుతో వచ్చాడు. ఆయన మాట సగంలో ఉండగానే “పైన రెండో గది” అనేశాను. ఆయన కదల్లేదు.

“ఈడ ఒక అమ్మ ఉంటుండె గద, ఏడికి పోయింది?”

తల ఎత్తకుండా, చేతిలోని పెన్నుతోనే రికార్డుల గది చూపించాను.