మూడుసార్లు వచ్చిన కథ

ప్యో మాల్సుక్ గారికి కొరియాలోని జొంజు ఊరి బజారులో ఊరగాయల దుకాణం ఉండేది. దాన్ని కూతురికి అప్పగించి అరవై నాలుగో ఏట కాలేజీలో చేరారు. ఇరవై ఏళ్ల పిల్లలం ఆవిణ్ణి పెద్దక్కా అని పిలిచేవాళ్లం.

మా చర్చి ఆడవాళ్లకు బైబిల్‌ను చేత్తో రాసే అలవాటుంది. పెద్దక్క మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు రాశారు. అందుకే బైబిల్‌ను సాహిత్యంగా చదివే క్లాసుంటే సులువుగా గట్టెక్కుతానని చేరిపోయారు.

మొదటి రోజే తాక్ ఇన్హా మేడం చెప్పేశారు. "ఇది నిజంగా జరిగిందా అని ఈ గదిలో అడగం. నమ్మకం మీ ఇష్టం. కథ ఎవరు చెప్తున్నారు, ఏం చెప్పకుండా వదిలేశారు, అదే చూద్దాం."

పెద్దక్క పుస్తకం మూసేశారు. బస్టాపులో నా దగ్గర విరుచుకుపడ్డారు. "నా కూతురంత వయసు లేదు, దేవుడి మాటకి వంకలు పెడుతుందా! పేరు తీయించేస్తాను. కానీ ముందు దాని నోరు మూయించాలి."

ఆ తర్వాతి వారం తన రాతపుస్తకం మోసుకొచ్చారు. అందులో ఒక పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసి ఉంది.

"ఇక్కడ ఒకాయన ప్రాణభయంతో పెళ్లాన్ని చెల్లెలని చెప్పుకుంటాడు. కొంత దూరం పోయాక మళ్లీ అదే కథ వచ్చింది. నిద్రమత్తులో వెనక్కెళ్లి రాశాననుకుని కొట్టేశాను. తీరా చూస్తే పుస్తకంలోనే ఉంది! తర్వాత ఆయన కొడుకూ అదే పని చేస్తాడు. రాసినాయన మతిమరుపు మనిషా? చెప్పండి మేడం."

ఆమె నవ్వారు. "మీ చేతికి తెలిసింది మాకెవరికీ తెలియలేదమ్మా. మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. ఆ ఆడవాళ్లు ఏమంటారో వెతకండి."

పెద్దక్క కళ్లజోడు సవరించుకుని వేలు పెట్టి చదివారు. చాలాసేపు పట్టింది. క్లాసంతా ఎదురుచూసింది.

"ఏమీ అనరు," అన్నారు చివరికి. "ఒక్కచోట మాత్రం, ఆవిడే అలా చెప్పిందని, ఆవిణ్ణి తెప్పించుకున్న రాజు అంటాడు. ఆవిడ నోట మనం వినం. గొర్రెలూ ఎడ్లూ అంటూ మొగుడికి ఏమేమిచ్చారో అన్నీ రాశాను. ఇది మాత్రం చూళ్లేదు."

క్లాసయ్యాక బయట బల్ల మీద నా పక్కన కూర్చుని ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. అవతల వాళ్ల వదిన.

"వదినా, నా పెళ్లిచూపులప్పుడు నాకు ఇష్టమేనని ఎవరన్నారు?"

"ఇంకెవరు, నేనే! నువ్వు గోడకేసి చూస్తూ కూర్చున్నావు. ఏం, నలభై ఏళ్ల తర్వాత నచ్చలేదా? మనిషి పోయి ఆరేళ్లయిందే తల్లీ!"

"నచ్చాడు వదినా. బానే చూసుకున్నాడు. అది కాదు. నన్నెవరూ అడగలేదని ఇవాళే తెలిసింది."

వదిన మెల్లగా, "నన్ను మాత్రం ఎవరడిగారే?" అంది.

పెద్దక్క పేరు తీయించలేదు. చివరి వ్యాసం చెప్పినదానికి రెట్టింపు పొడుగు రాసి మార్కులు పోగొట్టుకున్నారు. పాస్టరు గారు పలకరించి, ఆ క్లాసులో విశ్వాసం సడలలేదు కదా అని అడిగితే, "లేదండీ, ఇప్పుడు నెమ్మదిగా చదువుతున్నాను, అంతే," అన్నారు.