తాడు నడిచే పెరడు

సముద్రం పక్కన ఇల్లు కొంటానంటే మా వాళ్లందరూ నాకు మతి పోయిందన్నారు. పోయింది మతి కాదు, పొలం. భోగాపురం దగ్గర విమానాలు దిగుతాయని వేసిన రోడ్డు మా చోడిచేను మీదుగా పోయింది. డబ్బులిచ్చారు, ఇవ్వలేదనను. కానీ డబ్బుల మీద గోంగూర మొలవదు కదా.

కొన్నాళ్లు శ్రీకాకుళంలో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. అరసవల్లి పోయే దారిలో వాళ్లది అపార్టుమెంటు. కింద ఎవరో, పైన ఎవరో, మధ్యలో మనం. నేల ఏదని అడిగితే మా అల్లుడు లిఫ్టు చూపించాడు. అలాంటిదే ఒకటి కొనుక్కోమన్నారు. గాలిని కొనుక్కునేంత చదువు నాకు లేదన్నాను. నాకు అక్షరాలు వచ్చిందే మనవలు పుట్టాక.

అందుకని నేల వెతుక్కుంటూ బయలుదేరాం. నౌపడ ఉప్పుమడులు దాటి ఇంకా పోతే, ఇక ముందుకు రానని ఆటో అతను ఆపేసే చోటు ఒకటుంది. అక్కణ్నుంచి ఇసుకలో నడిస్తే ఈ పల్లె. చేపల వేటకు పోయేవాళ్ల ఇళ్లు తప్ప మరొకటి లేదు. మా ఆయనకు చేప దొరికితే చాలు, అది ఏ ఊరైనా ఆయనకు సొంత ఊరే. ఒడ్డు మీది ఆఖరి ఇల్లు అమ్మకానికి ఉంది. ఇంటాయన ముసలాయన, భార్య పోయింది, వేట మానేశాడు, కూతురి ఊరికి వెళ్లిపోదామని చూస్తున్నాడు. ఆయన్ని అన్నా అన్నాను, నన్ను ఆయన అప్పా అన్నాడు. వయసులో ఆయనే పెద్ద, అయినా ఎందుకో నేనే ఆయనకు అప్పనయ్యాను, అంటే అక్కను. నా గొంతు విని అయ్యుంటుంది.

అడ్వాన్సు ఇచ్చాం. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా వసారాలో ఆయన, లోపల మేము. అగ్రిమెంటు కాగితం నేనే చదువుతానన్నాను. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటుంటే వీధంతా వచ్చి కూర్చుంది. పక్కింటి వదిన పిండిచట్టి పట్టుకుని వచ్చి, అట్లు పోసుకోవడం మానేసి మరీ వింది. తూర్పు హద్దు దగ్గర ఆగాను.

"సముద్రమని రాసుంది. సముద్రం ఎక్కడి వరకు, అన్నా?"

"ఏ రోజుకి అడుగుతన్నావు?" అన్నాడు ముసలాయన.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఊళ్లో జానెడు గట్టు కోసం అన్నదమ్ములు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లరు. హద్దు తెలియని నేలలో నాకు నిద్ర పట్టదు. ఉన్న చేను ఒకసారి చేతిలోంచి జారిపోయింది, ఇది కూడా జారిపోకూడదు. నా బాధంతా అదే.

కాబట్టి రైతు ఇంట పుట్టినవాళ్లు మొదట ఏం చేస్తారో అదే చేశాను. కంచె వేశాను. సరుగుడు కర్రలు పాతించి, తాటికమ్మలు అల్లించి, పెరడు చుట్టూ తిప్పేశాను. ఈ పల్లెలో ఒక్క ఇంటికీ కంచె లేదని చూశాను. చూసి, పాపం వీళ్లకు తెలియదనుకున్నాను.

వదిన గునపం అరువిచ్చి, పక్కనే గొంతుక్కూర్చుని చూసింది.

"మేకలొస్తాయని ఏస్తన్నావేటి, అప్పా?"

"ఈ ఊళ్లో మేకలెక్కడున్నాయి?"

"మరి దొంగలా?"

"మీ ఊళ్లో దొంగలున్నారేటి?"

"లేరు. ఉంటే నీ కంచె సూడ్డానికొద్దురు."

ముసలాయన వసారాలో కూర్చుని పాత వల బాగుచేసుకుంటూ ఇదంతా చూశాడు. వద్దనలేదు. బాగుందనీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి రిజిస్ట్రేషన్ మాట ఎత్తితే ఆయనకు ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒకసారి అమావాస్య అన్నాడు. ఒకసారి మోకాలన్నాడు. మోకాలు తగ్గాక మళ్లీ అమావాస్య వచ్చింది. ఇంతలో విశాఖపట్నం నుంచి ఒకాయన ఇల్లు కొంటానని కారు వేసుకుని వచ్చాడు, కారును చాలా దూరంలో వదిలి బూట్లలో ఇసుక నింపుకుంటూ నడిచొచ్చాడు. ఇల్లంతా తిరిగి చూసి, మా ఇద్దరినీ అద్దెకున్నవాళ్లు అనుకున్నాడు. మా ఆయన ఆయనకు మంచినీళ్లు కూడా ఇచ్చాడు. ఆ పూట మా ఆయనతో నేను మాట్లాడలేదు.

కారాయన వెళ్లాక ముసలాయన ముందు నిలబడ్డాను.

"ఇల్లు నాకిస్తావా, ఆయనకిస్తావా? ఏదో ఒకటి సెప్పు. మల్లీ అమావాస్యంటే ఊరుకోను."

"పెద్దవల దిగనీ, అప్పా. అప్పుడు సూద్దాం."

పెద్దవల అంటే ఒడ్డు మీద నిలబడి లాగే వల. చేప ఒడ్డుకు దగ్గరగా వచ్చిన రోజున పడవ మీద వెళ్లి దాన్ని చుట్టూ వేస్తారు. రెండు కొసలకూ రెండు తాళ్లు. ఒడ్డు మీద రెండు జట్లు ఆ తాళ్లు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతాయి. ఇది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, వల దిగడానికీ నా సంతకానికీ ఏం సంబంధమని గొణుక్కుంటూ లోపలికి పోయాను.

వల ఒక రోజు పొద్దున్నే దిగింది. కేకలు విని బయటికొచ్చేసరికి ఊరంతా ఒడ్డున ఉంది. ఉత్తరం తాడు పట్టినవాళ్లకు వెనకాల ఖాళీ ఇసుక ఉంది. దక్షిణం తాడు పట్టినవాళ్లు వెనక్కి నడిచి, నడిచి, మా ఇంటి దాకా వచ్చారు. ఒడ్డు అక్కడ సన్నం. అటు సరుగుడు తోట, ఇటు ఇళ్ల వరుస. మధ్యలో వెనక వీధికి దారి మా పెరడొక్కటే. అందరికంటే వెనకున్నవాడి వీపు నా తాటికమ్మలకు తగిలింది. ఆగాడు. వాడి ముందున్న వరుసంతా ఆగింది.

ఎవరూ కంచెను ముట్టుకోలేదు. ఒక్క తన్ను తంతే పడిపోయేదే. తాడు బిగబట్టి అలాగే నిలబడి నా వైపు చూశారు. అటువైపు జట్టు లాగుతూనే ఉంది, వల ఒక పక్కకు ఒరిగిపోతోంది. ఒరిగిన వలలో చేప తప్పించుకోకుండా ఎంతసేపు ఉంటుంది?

"ఇదేటన్నా, ముందే సెప్పొచ్చు కదా?" అన్నాను ముసలాయనతో.

"ఏటి సెప్పమంటావు? మా తాత కాడ్నుంచీ తాడు ఇలగే ఎల్తాది. గాలొస్తాదని ఎవులైనా సెప్తారా?"

వదిన తాడు పట్టుకునే ఉంది. "అప్పా, కంచైనా తియ్యి, లేకపోతే నీళ్లలో దిగి సేపలకి నువ్వే సెప్పు, కూసింత ఆగమని."

నేను వేసిన కంచె, ఇంకొకరు పీకితే ఊరుకునేదాన్ని కాదు. వాళ్లు పీకకుండా నిలబడితే ఏం చేయాలో మా ఊరు నాకు నేర్పలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని మొదటి కర్ర నేనే ఊడబెరికాను. రెండోది మా ఆయన పీకాడు, చాలా ఉత్సాహంగా. ఆయనకు ఆ కంచె మొదట్నుంచీ ఇష్టం లేదని అప్పుడు తెలిసింది. తాడు మా పెరట్లోకి వచ్చింది, నా బెండమొక్కల మీదుగా, వంటపాక పక్కనుంచి, వెనక వీధిలోకి. ఊరికే నిలబడటం నాకు చేతకాదు. నేనూ పట్టుకున్నాను.

"ఓలప్పా, అది నుయ్యి కాదు, నీళ్లు తోడుతున్నట్టు లాగుతావేటి?" అంది వదిన. "ఒళ్లంతా ఎనక్కి వాల్చు. పడిపోవు. నీ ఎనకాల నానున్నాను కదా."

వాలాను. నిజంగానే పడలేదు. ఎక్కడో నీళ్లలో ఉన్న బరువు తాడులోంచి నా అరచేతుల్లోకి వచ్చింది. అంతమంది పట్టుకున్నా ఆ బరువు నా ఒక్కదానిదే అనిపించింది.

నెత్తళ్లు పడ్డాయి, కొన్ని కవళ్లు, అన్నీ చిన్నచేపలే. ఇసుక మీద పోగులు పెట్టారు. పడవకు, వలకు, లాగిన ప్రతి మనిషికి. చివర ఇంకొక పోగు మిగిలింది. తాడు ఏ పెరట్లోంచి పోతుందో ఆ ఇంటికి ఒక వాటా ఉంటుందట. పంచే అతను ఆ పోగు పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. ఇన్నాళ్లూ అది ముసలాయనది.

ఆ వాటా నాదని అడగబోయి ముసలాయన వైపు చూశాను. ఊరంతా కూడా ముసలాయన వైపే చూస్తోంది. ఆయన తీరిగ్గా చుట్ట వెలిగించుకున్నాడు.

"నన్నేటి సూస్తారు? ఆ ఇంటోలకి ఇచ్చియ్యండి," అన్నాడు నన్ను చూపించి.

పంచే అతను చేపలు నా పమిటలో పోశాడు. తర్వాత ముసలాయన దగ్గర కూలబడి, కారాయన సంగతేమిటని అడిగాను.

"ఆయన గోడ కడతానన్నాడు, నువ్వు కంచేసినావు. నాకిద్దరూ ఒకటే. కాపోతే కంచె పీకొచ్చు. పీకుతావో లేదో సూద్దామని ఆగినాను."

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆటోకు కబురు పెట్టి వసారాలో కూర్చున్నాడు.

"బేగి రా అప్పా, సంతకాలకి ఎల్దాం."

ఎన్నాళ్లు వెంటపడ్డానో ఈ మాట కోసం. లేద్దామంటే నడుము లేవలేదు. చేతులు పిడికిళ్లుగా బిగుసుకుపోయాయి, వేళ్లు విప్పితే ప్రాణం పోతోంది.

"ఈ రోజు నావల్ల కాదన్నా. రేపెల్దాం."

"రేపు అమావాస్య."

"అయితే ఎల్లుండి."

ఆయన నవ్వి, ఇస్త్రీ చొక్కా విప్పి, నలగకుండా మా ఇంటి మేకుకు తగిలించాడు.