జపాన్ బావ చెప్పిన అర్థాలు

ఆ రోజుల్లో మాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు, కారణం ఎవర్నీ అడిగేవాళ్లం కాకపోవడమే. డిగ్రీ అయ్యాక నూజివీడులో మామిడికాయల కొట్టులో బిల్లులు కొట్టే ఉద్యోగంలో కొత్తగా చేరాను. మధ్యాహ్నం లారీలు వెళ్లిపోయాక షెడ్డులో కాయల ట్రేలు బోర్లించుకుని, నేనూ మా మేనత్త కొడుకూ కార్డులాడేవాళ్లం. పేకాట కాదండోయ్ (ఈ ముక్క మా అమ్మకి ఇప్పటికీ పూర్తిగా నమ్మకం లేదు). రాక్షసులు, మంత్రగాళ్లు, వింత జంతువుల బొమ్మలుండే కార్డులు. ఒక్కోదాని మీద దాని శక్తి ఏమిటో రాసి ఉంటుంది. నచ్చినవి ఏరుకుని కట్ట తయారు చేసుకోవాలి, దాన్నే డెక్ అంటారు. మా చిక్కల్లా ఒక్కటే. బావ హాస్టల్ స్నేహితుడి దగ్గర పెట్టెతో సహా కొన్న ఆ కార్డుల మీద రాతంతా జపాన్ భాషలో ఉంది. అయితే బావ జపాన్ కార్టూన్లు తెగ చూసినవాడు. కార్డు వెలుతురుకేసి పట్టుకుని, కళ్లు చికిలించి, "ఇది పడితే అవతలివాడు ఒక ఆట ఊరుకోవాలి" అని అర్థం చెప్పేసేవాడు. అందుకే అందరికీ జపాన్ బావ అయ్యాడు.

అతను చెప్పిన అర్థాలతోనే రెండేళ్లు ఆడాం. నా దగ్గర మూడు తలల తాబేలు ఒకటి ఉండేది. అది దిగిందంటే అవతలివాడి కార్డులన్నీ ఊడ్చుకుపోతాయని బావ తేల్చాడు. ఆ తాబేలు ధైర్యంతోనే విజయవాడలో పోటీ ఉందని తెలియగానే పేరిచ్చేశాను. సెలవు అడిగితే మా షావుకారు గారు కళ్లజోడు తీసేశారు.

"సీజన్లో సెలవేంటయ్యా? పెళ్లా?"

"కాదండీ, పోటీ. కార్డుల పోటీ."

"గెలుస్తావా?"

"ఖాయమండీ."

"సరే వెళ్లు. ఓడొచ్చావో, సీజనయ్యేదాకా ఆదివారాలు కూడా ఇక్కడే."

పోటీలో నాకు ఎదురుగా ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి కూర్చుంది. రెండు ఎత్తులయ్యాక నేను లేచి నిలబడి (కూర్చుని వేసే కార్డు కాదు కదా!) తాబేలుని దింపాను. వెనక నుంచి జపాన్ బావ చప్పట్లు కొట్టాడు. ఆ అమ్మాయి తన కార్డులు తియ్యలేదు. తాబేలుని చూసింది, నన్ను చూసింది.

"నిజంగా వేస్తున్నారా అండీ?"

"వేశానుగా. మీ కార్డులు తీసెయ్యండి."

"తీయాల్సింది మీరండీ. అది దింపినవాళ్ల కార్డులే పోతాయి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. జడ్జిని పిలిచింది. ఆయన ఫోన్లో ఒక సైటు తెరిచి, కార్డు మూలనున్న నంబరు కొట్టాడు. అదే తాబేలు, అదే మూడు తలలు, పక్కనే శుభ్రమైన ఇంగ్లీషులో అర్థం. ఆమె చెప్పిందే. ఈ ఆటలోని కార్డులన్నీ అలా ఒకచోట రాసిపెట్టి ఉంటాయని, ఎవరైనా ఊరికే చూసుకోవచ్చని నాకు ఆ క్షణం దాకా తెలియదు. జాలిపడి జడ్జి నా డెక్ మొత్తం ఆ సైటులోకి ఎక్కించాడు. తెర నిండా ‘ఈ కార్డు లేదు’ అంటూ ఎర్ర గుర్తులు. ఆయన ఒక్కో కార్డునీ, వెనకవైపు కనపడకుండా మేం తొడిగిన కవరులోంచి బయటికి లాగి వెనక్కి తిప్పాడు.

"వీటిలో సగం ఈ ఆటవి కావండీ. వేరే ఆటవి."

నేను బావకేసి తిరిగాను. వెనకవైపు బొమ్మ వేరుగా ఉన్నవన్నీ అరుదైన కార్డులని, కవర్లు తొడిగిన రోజున చెప్పింది అతనే.

తిరుగు బస్సులో ఆగిరిపల్లి దాటాక అడిగేశాను.

"బావా, నీకసలు జపనీస్ వచ్చా?"

"కొన్ని మాటలొచ్చురా. నమస్కారం, థాంక్స్..."

"మరి తాబేలు?"

"దాని మొహం చూశావా నువ్వు? అంత కోపంగా ఉన్నది సొంతవాళ్ల మీద పడుతుందని ఎవడనుకుంటాడ్రా?"

సోమవారం షావుకారు గారు సంగతంతా విన్నారు. "అంటే రసాల లోడులో చవకరకం కలెక్టరు కాయ కలిపి పంపావన్నమాట!" అన్నారు. అన్నట్టే ఆదివారాలు పోయాయి.

సాయంత్రాలు మాత్రం షెడ్డులో కూర్చుని ఆ సైటులో ఒక్కో కార్డూ వెతికాం. మేం భయంకరమైన మాంత్రికుడనుకున్నవాడు అసలు వంటవాడట. దేనికీ పనికిరాదని పారేయబోయిన కప్ప కోసం జనం ఎగబడతారట. ఒకే ఒక్క కార్డుకి బావ చెప్పిన అర్థం అక్షరాలా సరిపోయింది. అది చూసి నాకన్నా అతనే ఎక్కువ అదిరిపడ్డాడు, "నిజంగానా?" అని ఫోను లాక్కుని మళ్లీ చదివాడు. అక్కడే కొత్త డెక్ కూర్చాం. ఏది తక్కువైందో, ఏది కుదరదో ఆ సైటే చెప్పేది, ఊరికే ఆడి చూసుకోనిచ్చేది. సీజన్ అయ్యాక మళ్లీ విజయవాడ వెళ్లి మొదటి ఆటలోనే ఓడిపోయాం. అయినా బస్సులో దారంతా పాటలే. ఈసారి నిజం ఆటలో, నిజంగా ఓడిపోయాం మరి.

ఇప్పుడు నేను ఫోన్లో రెండుసార్లు చూసుకోనిదే ఏ కార్డూ వెయ్యను, గెలుస్తూనే ఉంటాను కూడా. కానీ అంతమంది మధ్య లేచి నిలబడి, "మీ కార్డులు తీసెయ్యండి" అన్న ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడికి ఏమీ తెలియదు పాపం, అయినా ఎంత దర్జాగా నిలబడ్డాడో!