స్ట్రెచర్ మీద పడుకొని చూసిన సిస్టరమ్మ

మా బిడ్డ బొంగులూరు బ్రాంచిలో నర్సింగ్ ఇన్‌చార్జిగా చేరిన మూడో రోజు పొద్దున, పెద్ద సిస్టరమ్మ పోయిందని ఫోన్ వచ్చింది. అప్పటికి మూడు రోజులుగా నా కాలు ఒకచోట నిలవడం లేదు. కనబడిన ప్రతివాళ్లకూ బిడ్డ సంగతి చెప్పి మిఠాయి పెడుతున్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే చేతిలో డబ్బా అట్లాగే ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె ఊరు యాచారం పోయే ఆటో ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను.

నేను ఏడో తరగతి దాటని మనిషిని. పెద్ద మాటలు రావు. అయినా ఆ తల్లి గురించి చెప్పకపోతే నాకు అన్నం దిగదు.

ఇబ్రహీంపట్నంలో ఎరువుల దుకాణం పైన ఆరు మంచాలతో డాక్టరుగారు దవాఖాన పెట్టిన నాడు ఆమె ఒక్కతే నర్సు. తర్వాత సొంత బిల్డింగు, రెండో బ్రాంచి, రింగు రోడ్డు పడ్డాక ఒకదాని వెనక ఒకటి. అందరూ మంచాలు ఎన్ని పెరిగాయని అడిగేవారు. ఆమె మాత్రం ఏ కొత్త బ్రాంచి తెరిచే ముందైనా స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకొని "తొయ్యున్రి" అనేది. గేటు నుంచి ఆపరేషన్ గది దాకా. ఎక్కడ కుదిపిందో, ఏ లైటు కళ్లలో పడిందో చెప్పి, అది బాగుచేసేదాకా పేషెంటును చేర్చుకోనిచ్చేది కాదు. "నిలవడ్డోళ్లకు రూము కనవడ్తది, పండుకున్నోళ్లకు స్లాబే కనవడ్తది" అనేది. వార్డులో నడిచేటప్పుడు గాజుల చప్పుడుకు ఎవరూ లేవకూడదని మోచేతి దాకా ఎగదోసుకునేది.

కొత్త నర్సులకూ అదే మొదటి పాఠం. మా బిడ్డ మొదట నర్సుగా చేరిన రోజు, తెల్ల బట్టల్లో ఉన్న పిల్లను స్ట్రెచర్ మీద తోసుకుపోతుంటే చూశాను. చెప్పులు వదిలేసి, పక్కన నడుస్తున్న సిస్టరమ్మ వెంట పరుగెత్తాను.

"ఏమైందక్కా నా బిడ్డకు?"

"ఏం కాలే తమ్మీ, నౌకరీ నేర్సుకుంటుంది. జర పక్కకు జరుగు, లేకుంటే నిన్ను గూడ పండవెడ్త!"

పది రోజుల కిందట బొంగులూరు బ్రాంచి తెరవాల్సి ఉంది. ఇన్‌చార్జి కాబోయే మా బిడ్డ ముందుగా పడుకొని చూసింది. లిఫ్టు ముందర గ్రానైటు పట్టీ ఎత్తుగా తేలి ఉంది. ఓపెనింగ్ అయ్యాక చూద్దాం, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టమన్నాడు మేనేజరు. బిడ్డ పెట్టలేదు. అయితే వేరేవాళ్లను చూసుకుంటామన్నాడు.

"ఒక్క రాయి కోసం ఇంత నౌకరీ పోగొట్టుకుంటవా?" అని అరిచాను.

"బాపూ, కడుపు కోసినామెను ఆ రాయి మీదికెళ్లే తీస్కపోవాలె."

నా వల్ల కాక యాచారం పోయాను. సిస్టరమ్మ ఆయాసంతో మంచంలో ఉంది.

"నువ్వన్న చెప్పక్కా, సంతకం పెట్టుమని."

"నువ్వొచ్చిన ఆటో ఉందా, పోయిందా?"

"ఉంది."

"నన్ను ఎక్కియ్యి."

బ్రాంచికి వచ్చి స్ట్రెచర్ మీద పడుకున్న ఆమెను చూసి మేనేజరు గాబరా పడ్డాడు. "అమ్మా, రిటైరైనవ్ గదా, ఇంట్ల రెస్ట్ తీస్కోరాదు?"

"రెస్ట్ తీస్కుందామనే పండుకున్న సారూ. తొయ్యి."

అతనే తోశాడు. పట్టీ మీద చక్రం ఎగిరిపడగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లొచ్చాయి. మేనేజరు స్ట్రెచర్ వదిలి మేస్త్రీకి ఫోన్ చేశాడు.

ఓపెనింగు వారం వెనక్కి పోయింది. ఆ వారమంతా బిడ్డకు ఇన్‌చార్జి ఆర్డరు రాలేదు. సిస్టరమ్మ రోజూ సాయంత్రం "అచ్చిందా తమ్మీ?" అని ఫోన్ చేసేది. వచ్చిందని చెప్పిన రోజు, "ఇగ ఫికర్ వెట్టకు" అంది. అదే చివరి మాట. ఆ ఆటోలో తిప్పడం వల్లే ఆమె పోయిందా అని అడిగితే, అదేం కాదన్నారు వాళ్లింట్లో వాళ్లు. నా మనసు మాత్రం ఊరుకోవడం లేదు.

ఆమె పోయిన రోజే బ్రాంచిలో మొదటి ఆపరేషన్. "నేను రాలేను బాపూ, నువ్వు పో" అంది బిడ్డ. మట్టి వేసి తిరిగి వస్తూ అక్కడ దిగాను. లిఫ్టు తలుపు తెరుచుకుంది. రావిర్యాల నుంచి వచ్చిన ఒకామె ఆపరేషన్ అయి స్ట్రెచర్ మీద మగతలో ఉంది. తల దగ్గర మా బిడ్డ. నేను ఆ గ్రానైటు పట్టీ ఉన్న చోటే చూస్తున్నాను. చక్రాలు దాటాయి. ఆమె రెప్ప కూడా కదలలేదు. బిడ్డ నావైపు చూడలేదు. నిద్రపోతున్న ఆ ముఖాన్నే చూస్తూ, మెల్లగా వార్డులోకి వెళ్లిపోయింది.